ఆయిల్ కారుతున్నది: ఇంజిన్ కడిగి వెతకాల్నా, కడగకుండనే చూడాల్నా?

రామగిరి_పోరడు (నల్గొండ):
అన్నలకు నమస్తే. నాది 2012 పెట్రోల్ బండి, లక్షా ఇరవై వేల కిలోమీటర్లు తిరిగింది. పది రోజుల సంది వాకిట్ల తాండూరు బండ మీద నల్లటి చుక్కలు పడుతున్నయి. రోజుకు మూడు నాలుగు, ఒక్కోటి రూపాయి బిళ్లంత. మొన్న ఒక షెడ్డుకు తీస్కపోతే కిందికెళ్ళి టార్చి కొట్టి చూసి, "క్రాంక్ వెనుక సీలు (ఇంజిన్ల తిరిగే ఇరుసు కాడ నూనె ఆపే రబ్బరు రింగు) పోయింది, గేర్‌బాక్స్ దించాలె, ఎట్లైనా దించుతున్నం కాబట్టి క్లచ్ ప్లేటు కూడ ఏసుకో, పదహారు వేలైతది" అన్నడు. చూసినందుకు రెండు నిమిషాలు కూడ పట్టలే. అందుకే ఒకసారి ఇంట్లనే వెతుకుదామనుకుంటున్న. మా బావేమో వాటర్ సర్వీసింగ్‌కిచ్చి ఇంజిన్ మొత్తం కడిగియ్యి, తర్వాత కొత్త తడి యాడొస్తే అదే లీకు అంటుండు. షెడ్డాయనేమో కడిగితె జాడే పోతది అంటుండు. ఎవరి మాట ఇనాలె?

పాలమూరు_చక్రం:
ముందుగాల అది ఇంజిన్ ఆయిలేనా చూసుకో. రాత్రి బండి కింద పెద్ద అట్టపెట్టె ఇప్పి పరువు. ముందు టైర్లు యాడున్నయో అట్ట మీద పెన్నుతోని గీత గీయి, బండి మూతి ఎటుందో బాణం గుర్తు పెట్టు. లేకుంటే పొద్దుగాల అట్ట గుంజినంక ఏ చుక్క యాడ పడ్డదో యాదికుండది. వేలితోని ముట్టి చూస్తె ఇంజిన్ ఆయిల్ నల్లగ, జారుడు జారుడుగ ఉంటది. కూలెంట్, అంటె ఇంజిన్‌ను చల్లగుంచే నీళ్ళు, పచ్చగనో గులాబీ రంగులనో ఉండి తియ్యటి వాసనొస్తది. గేర్ ఆయిల్ మురిగిన కోడిగుడ్డు కంపు. చక్రాల పక్కన పసుపు రంగుది, నూనె లెక్క ఉంటె బ్రేక్ ఆయిల్, అది గనక అయితే బండి తియ్యనే తియ్యకు. ఎండకాలం ఏసీ ఏసినంక ఎడమ దిక్కు ఉత్త నీళ్ళు కారుతయి, దానికి మాత్రం పరేషాన్ గావొద్దు. మా కాకా ఆ నీళ్ళకే రేడియేటర్ మార్పియ్యబోయిండు.

జడ్చర్ల_బైపాస్:
కడగకుండ చూస్తే పన్నెండేండ్ల మురికిల ఏం కనబడతది తమ్మీ? మీ బావ చెప్పింది సగం కరెక్టు. కడగాలె, కాని ప్రెషర్ పైపుతోని కాదు. డైనమోలకు, సెన్సార్ కనెక్టర్లకు నీళ్ళు పోతే లీకు సంగతి దేవుడెరుగు, బండే స్టార్టు కాదు. ఇంజిన్ చల్లారినంక డీగ్రీజర్ (జిడ్డు తీసే మందు) కొట్టి, పాత పెయింటు బ్రష్షుతోని రుద్ది, గుడ్డతోని తుడువు. కిరోసిన్ గిట్ల వాడితె మంచిగ ఆరేదాక సెల్ఫ్ కొట్టకు. ఆరినంక అనుమానం ఉన్నకాడ మొఖానికి రాసుకునే పౌడరు చల్లి, పావుగంట ఇంజిన్ ఆన్ ఉంచి చూడు. తెల్ల పౌడర్ల నల్ల గీత పడతది.

నాకు గిట్లనే దొరికింది. ఆయిల్ మార్పించిన వారానికే కారుడు షురువైతె ఒకాయన చాంబర్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) ప్యాకింగ్, అంటె అతుకు సందు మూసే పట్టీ, పోయిందన్నడు. పౌడరు చల్లితె గీత ఆయిల్ ఫిల్టర్ కాడికెళ్ళి మొదలైంది. ఫిల్టర్ ఇప్పితె ఏముంది, పాత ఫిల్టర్ రబ్బరు రింగు బ్లాకుకే అతుక్కోనుంది, దాని మీదనే కొత్తది బిగించిండ్రు. గోటితోని గీకితె ఊడొచ్చింది.

డిపో_పెద్దాయన:
ముప్పై ఏండ్లు బస్సుల కింద పన్నోన్ని, నా మాట జర ఇనుండ్రి. పౌడరు మంచిదే, కాదన. కాని తుడిచే ముందు ఆ మురికిని చదువుకోవాలె. మన దిక్కు ఎర్రదుమ్ము నూనె పడ్డ జాగనే పట్టుకుంటది, పొడి జాగల నిలువది. దుమ్ము గట్టిగ పెచ్చు కట్టిందంటె ఏండ్ల కిందటి కారుడు. మీద నిగనిగ మెరుస్తున్నదంటె ఇప్పటిది. ఇదంత తుడిచేస్తె మళ్ల రాదు. ఫోన్‌ల ఫొటోలు తీసుకో, అప్పుడు తుడువు.

ఇంకోటి. నూనె కిందికి కారుతది, బండి నడుస్తుంటె గాలికి వెనుకకు పోతది. అందుకని చుక్క పడ్డకాడ లీకు ఉండదు. తడి ఉన్న జాగలల్ల అన్నిటికంటె మీదిది, అన్నిటికంటె ముందుది యాడుందో అది చూడాలె. ట్యాపెట్ కవర్ (ఇంజిన్ నెత్తి మీది మూత) ప్యాకింగ్ గేర్‌బాక్స్ వైపు చివర్ల పోయిందనుకో, నూనె ఇంజిన్ పక్కకెళ్ళి జారి, ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే అతుకు కాడికే పోయి చుక్క పడతది. వెనుక సీలు పోయినా చుక్క ఆడనే. కిందికెళ్ళి చూసినోనికి రెండూ ఒక్కతీరే కనబడతయి. షెడ్డాయన మీదికెళ్ళి చూసిండా లేదా, అది అడుగు.

షెడ్డు_కాడ (హాలియా):
నేను కూడ చిన్న షెడ్డు నడుపుత, జర కోపంగనే రాస్తున్న. ప్రతి ఒక్కలు మెకానిక్ మోసం చేసిండు అనుడే. చూసుడుకు మాకు పైసలు ఎవరిస్తుండ్రు? "గంట సేపు తుడిచి, ఆన్ చేసి, మళ్ల చూసి చెప్త, మూడువందలియ్యి" అంటె "ఉత్త చూసుడుకే మూడువందలా" అని బండి తిప్పుకొని పోతరు. అందుకని రెండు నిమిషాలు చూసి, ఎక్కువ పోయే అవకాశం ఉన్నదేదో అది చెప్తం. ఇది తప్పే, నేను ఒప్పుకుంట. కాని తప్పు మా ఒక్కలదే కాదు.

ఇంక ఇంట్ల చేసుడు అంటరా, ఉత్త జాకీ మీద బండి లేపి కిందికి దూరేటోళ్ళను చూసిన. జాకీ టైరు మార్చనీకి, మనిషి దూరనీకి కాదు. స్టాండ్లు లేకుంటె దూరకుండ్రి, చక్రాలకు రాళ్ళు పెట్టుడు మరువకుండ్రి. ఇంజిన్ ఆన్ ఉన్నప్పుడు బెల్టు కాడ తువ్వాల, చున్నీ ఏలాడకుండ పైలం.

దేవరకొండ_టీచర్:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా బండిలో నెలకోసారి కూలెంట్ డబ్బా మట్టం తగ్గుతోంది. కింద ఒక్క చుక్క కూడా పడదు. మా ఇంట్లో వాళ్ళు బోరు నీళ్ళు పోసి సరిపెడుతున్నారు. ఫ్లోరైడ్ నీళ్ళు రేడియేటర్‌ను తినేస్తాయని ఒకరన్నారు. నిజమేనా?

డిపో_పెద్దాయన:
టీచరమ్మా, ఫ్లోరైడ్ మన పండ్లకు, బొక్కలకు చేసే నష్టం తెలిసిందే. నీళ్లల్లకెళ్ళి దాన్ని పటిక, సున్నంతోని తీసే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టిండ్రు. కాని రేడియేటర్ల పేరుకునేది వేరే. బోరు నీళ్లల్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీళ్ళు కాగే గిన్నెకు తెల్లపొర కడతది సూడండ్రి, అదే లోపటి సన్నటి గొట్టాలల్ల కడతది. బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ కలిపి పోయుండ్రి.

చుక్క పడకపోవుడు ఎందుకంటె, సన్న లీకు వేడి ఇంజిన్ మీద పడి ఆడికాడనే ఆవిరైతది. కాని జాడ వదులుతది. హోస్ పైపు క్లిప్పుల కాడ, వాటర్ బాడీ (కూలెంట్‌ను తిప్పే పంపు) కింద చిన్న తూటు ఉంటది ఆడ, తెల్లగనో పచ్చగనో పొక్కు కట్టిందేమో చూడుండ్రి. ఎక్కడ లేకుంటె ఆయిల్ మూత ఇప్పి చూడుండ్రి. లోపట మీగడ లెక్క ఉండి, పొగ గొట్టంల తెల్లపొగ ఆగకుండ వస్తుంటె హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్డుకూ బ్లాకుకూ నడుమ ఉండే ప్యాకింగ్) అనుమానం, అప్పుడు ఇంట్ల చూసుడు బంద్ చేసి షెడ్డుకు పోవుడే. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద ముట్టద్దు. లోపట ప్రెషర్‌కు నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగకుండ ఉంటయి, మూత తియ్యంగనే ఒక్కసారి మరిగి మొఖం మీదికి లేస్తయి. పారబోసిన కూలెంట్ వాకిట్ల వదలకుండ్రి, తియ్యగుంటదని కుక్కలు నాకి సస్తయి.

పాలమూరు_చక్రం:
పెద్దాయనా, రేడియేటర్ల పసుపు పోస్తె లీకు ఆగుతదంటరు కదా?

డిపో_పెద్దాయన:
ఆగుతది. నడి దారిల ఆగిపోయినప్పుడు ఊరు చేరనీకి పోసినం. పెట్రోల్ ట్యాంకుకు సబ్బు రుద్దినట్టే. ఇంటికాడ ఉండి పసుపు పోస్తె మంచి గొట్టాలు కూడ మూసుకపోతయి.

రామగిరి_పోరడు:
అందరికి దండాలు. నిన్న ఐతారం ఇదే పని. ముందు పదకొండు ఫొటోలు తీసిన. ట్యాపెట్ కవర్ వెనుక అంచు మొత్తం ఎర్రదుమ్ము పెచ్చు, గేర్‌బాక్స్ వైపు మూలకు మాత్రం వేలెడంత జాగ నిగనిగ మెరుస్తుంది. బ్రష్షుతోని తుడిచి, పౌడరు చల్లి, పానగల్ చెరువు కట్ట దాక పోయొచ్చిన. మూలకాడికెళ్ళి గీత సక్కగ కిందికి దిగింది. అయితే జడ్చర్లన్నా, అతుకు కింద చల్లిన పౌడర్ల కూడ సన్న తడి ఉన్నది. అది మీదికెళ్ళి దిగిందా, సీలుదా చెప్పలేకపోతున్న.

జడ్చర్ల_బైపాస్:
ముందు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ మార్పియ్యి. మళ్ల తుడిచి వారం నడుపు. అప్పుడు కూడ అతుకు కాడ తడి ఉంటె షెడ్డాయన గెలిచినట్టు.

షెడ్డు_కాడ:
ఒప్పుకున్న. ఫొటోలు తీసుడు మాత్రం మంచి పని, నా దగ్గరికి గట్ల ఎవలు రాలే. కాని ప్యాకింగ్ ఒక్కటే ఏసి ఊకోకు. ఆయిల్ కొలత పుల్ల మీది గీత దాటి ఎక్కువ పోసి లేదు కదా? పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపటి గాలిని బయటికి వదిలే చిన్న కవాటం) చూసినవా? అది మూసుకపోతె లోపటి గాలి బయటికి పోలేక యాడ సందు దొరికితె ఆడికెళ్ళి నూనె తోస్తది. కొత్త ప్యాకింగ్ కూడ ఆరు నెలలల్ల కారుతది, సీలు కూడ అందుకే తడి అయితది. వాల్వ్ ఇప్పి చెవి దగ్గర పెట్టి ఊపు. లోపట గలగలమనాలె.

రామగిరి_పోరడు:
ఆయిల్ గీత లోపటనే ఉన్నది. వాల్వ్ ఇప్పుడే ఇప్పి ఊపిన అన్నా. సప్పుడు లేదు.