రెండు డోసులు వేసినా కొరైజా ఎందుకు వచ్చింది?

తణుకు_లేయర్: గ్రోయర్ దశలోనే (గుడ్లు పెట్టే వయసు రాకముందే) కొరైజా, అంటే కోళ్లకు బ్యాక్టీరియా వల్ల వచ్చే జలుబు రోగం, దాని వ్యాక్సిన్ రెండు డోసులూ వేయించాను. అయినా మంచి దిగుబడి మీదున్న షెడ్డులో కోళ్ల ముఖాలు వాచాయి, ముక్కుల నుంచి కంపు కొట్టే చీమిడి కారుతోంది. రోజూ వచ్చే ట్రేలు తగ్గిపోతున్నాయి. వ్యాక్సిన్ నకిలీదంటారా?

షెడ్డు_పెద్ద: అప్పుడే నకిలీ అనకండి. నూనె వ్యాక్సిన్‌ను ఎవరైనా ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించారేమో కనుక్కోండి. అలాంటి సీసా ఇక పనికిరాదు.

కోళ్ల_డాక్టర్: నిల్వ సంగతి సరే, ముందు సీసా మీద ఏ రకాలున్నాయో చదవండి. కొరైజా బ్యాక్టీరియాలో ఎ, బి, సి అని మూడు ప్రధాన రకాలు. ఒకదానికి వేసిన టీకా మరొకదాన్ని దాదాపు ఆపదు. కొన్ని వ్యాక్సిన్లలో ఎ, సి మాత్రమే ఉంటాయి. మీ షెడ్డులోకి వచ్చింది బి అయితే, ఎంత చల్లగా దాచినా ఫలితం అంతే. పైగా బి అంతా ఒకటే కాదు, అందులోనూ తేడాలున్నాయి. ఈ మూడింటినీ ఇంకా చిన్న రకాలుగా విడదీసే కూమే పద్ధతిలో లెక్కిస్తే మొత్తం తొమ్మిది రకాలు.

తణుకు_లేయర్: సీసా మీద ఎ, సి అనే ఉంది డాక్టర్ గారూ. రకం తేల్చడానికి పీసీఆర్ (క్రిమి జన్యువును పట్టే పరీక్ష) చేయిస్తే చాలా?

ల్యాబ్_బల్ల: చాలదండీ. మామూలు పీసీఆర్ అది కొరైజా అవునో కాదో చెబుతుంది, రకం చెప్పదు. ఎర్ర రక్తకణాలను గుమిగూడేలా చేసే ఒక ప్రొటీన్ ఈ బ్యాక్టీరియా పైపొర మీద ఉంటుంది. కోడి రోగనిరోధక శక్తి ప్రధానంగా గుర్తుపట్టేది దాన్నే. ఆ ప్రొటీన్ జన్యువులో మార్పులు వస్తే పాత టీకా నేర్పిన గుర్తు సరిపోదు. అందుకే బ్యాక్టీరియాను పెంచి, ఒక్కో రకాన్ని గుర్తుపట్టే యాంటీబాడీలున్న సీరంతో పరీక్షించాలి.

పెంచడం కూడా తేలిక కాదు. సాధారణంగా ఇది ఎన్ఏడీ అనే పోషక పదార్థం ఉంటేనే పెరుగుతుంది, అందుకని ప్లేటు మీద దాన్ని అందించే స్టెఫైలోకోకస్ అనే మరో బ్యాక్టీరియాతో గీత గీస్తాం, ఆ గీత పక్కనే కొరైజా బ్యాక్టీరియా చిన్న చుక్కల్లా వస్తుంది. అయితే దక్షిణాఫ్రికాలో ఎన్ఏడీ అవసరం లేని కొరైజా బయటపడింది. ఆ శక్తినిచ్చే జన్యువు ప్లాస్మిడ్ (బ్యాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద దొరికింది. గీత పక్కన మాత్రమే కాక ప్లేటంతా పెరిగింది కనుక కొరైజా కాదని కొట్టిపారేసే ల్యాబ్‌కు అది చిక్కదు.

షెడ్డు_పెద్ద: మీ దగ్గర వేర్వేరు వయసుల బ్యాచ్‌లు పక్కపక్కనే ఉన్నాయా? తగ్గినట్టు కనిపించే కోడి కూడా క్రిమిని మోస్తూనే ఉంటుంది. కొత్త పుల్లెట్లు (ఇంకా గుడ్లు పెట్టని పడుచు కోళ్లు) రాగానే మళ్లీ మొదలు. రకం తెలిసినా ఈ కథ మారదు.

తణుకు_లేయర్: పక్కపక్కనే ఉన్నాయి. నీటిలో యాంటీబయాటిక్ ఈరోజే కలపమని మందుల దుకాణంలో అంటున్నారు.

కోళ్ల_డాక్టర్: ముందు శాంపిల్ తీయించండి. మందు పడ్డాక బ్యాక్టీరియా పెరగడం కష్టం. పాత రోగి కోడి వద్దు, నిన్నో ఈరోజో ముఖం వాచినవాటిని పంపండి.

ల్యాబ్_బల్ల: చీమిడి తీసిన దూది పుల్లలు (స్వాబ్‌లు) అయితే ఐస్ మీద, అదే రోజు పంపండి. ఇది బయట ఎక్కువసేపు బతకదు. కవరు మీద ఏ వ్యాక్సిన్ వేశారో, దాని బ్యాచ్ నంబరు కూడా రాయండి.