డక్‌డక్‌గోలో తెలుగులో వెతికేవారు ఎవరైనా ఉన్నారా?

ఒక్కసారి మిక్సీ ధర చూసిన పాపానికి ఎక్కడికి వెళ్లినా మిక్సీల ప్రకటనలే కనిపిస్తుంటే విసుగొచ్చి, ఫోనులో వెతుకులాటకు డక్‌డక్‌గో అనే సెర్చ్ ఇంజిన్ పెట్టుకున్నాను. పేరు వినగానే మా నాన్నగారు "బాతుల వ్యాపారమా?" అన్నారు. అమెరికా పిల్లలు ఆడుకునే డక్ డక్ గూస్ అనే ఆట పేరును కాస్త మార్చి, 2008లో గాబ్రియేల్ వైన్‌బర్గ్ దీన్ని మొదలుపెట్టారని చెబితే కొంత కుదుటపడ్డారు. ఇందులోనూ ప్రకటనలుంటాయి, కాకపోతే అవి అప్పుడు వెతికిన మాటను బట్టే వస్తాయి, మన పాత వెతుకులాటలను బట్టి కాదు. నాకు అంతే చాలు.

ఇక నా సందేహాలు. ఆశ్చర్యార్థకం పక్కన డబ్ల్యూ అక్షరం కొట్టి, ఖాళీ వదిలి మాట రాస్తే నేరుగా ఇంగ్లీషు వికీపీడియాకు తీసుకెళ్తుంది. ఈ సదుపాయం నాకు తెగ నచ్చింది. తెలుగు వికీపీడియాకూ ఇలాంటి సంకేతం ఉందా? ఉంటే ఏ అక్షరాలు కొట్టాలి?

రెండోది అసలు చిక్కు. మనం ఒకే మాటను పలు విధాలుగా రాస్తాం: హైదరాబాదు, హైదరాబాద్; పెళ్లి, పెండ్లి. ఇందులో ఫలితాలు చాలావరకు మైక్రోసాఫ్ట్ వారి సెర్చ్ ఇంజిన్ బింగ్ నుంచే వస్తాయి కదా, అలాంటప్పుడు ఒక రూపం రాస్తే రెండోదీ పట్టుకుంటుందా, లేక విడివిడిగా వెతకాలా? పాత పద్యాల పాదాలు, ఊళ్ల పేర్లు వెతికేవారి అనుభవం నాకు ముఖ్యం. నాన్నగారి ఫోనులోనూ పెట్టాలనుకుంటున్నాను. ఆయన తెలుగు లిపిలో తప్ప వెతకరు. అక్షరాలు పెద్దవిగా కనిపించేలా ఎక్కడ మార్చాలో కూడా చెప్పగలరా?