గురువుగారి బాణీని మక్కికి మక్కీ దించడం తప్పా?

బెజవాడ అమ్మ: మా అమ్మాయికి 14 ఏళ్లు. ఆరేళ్లుగా సత్యనారాయణపురంలో ఒక మాస్టారి దగ్గర సంగీతం నేర్చుకుంటోంది. మొన్న పోటీలో ఒక న్యాయనిర్ణేత "నీ గొంతేదమ్మా? మీ మాస్టారే వినిపించారు" అన్నారు. పిల్ల రెండు రోజులు శ్రుతిబాక్సు ముట్టలేదు. గురువులా పాడటం తప్పా అండీ?

గుంటూరు బాబాయి: తప్పెలా అవుతుందమ్మా? పాఠాంతరం, అంటే గురువు నేర్పిన పాఠం, గట్టిపడకుండా సొంత బాణీ ఏమిటి? సంగతులు, అంటే ఒకే పంక్తిని తిప్పి తిప్పి పాడే మలుపులు, ఇష్టమొచ్చినట్టు మార్చి, అదే సృజన అనుకునే పిల్లల్ని చాలామందిని విన్నాను. ముందు గురువు వెనకే నడవనివ్వండి.

స్వరపేటిక: బాబాయి గారూ, కీర్తన వరకు మీ మాటే నాదీ. అప్పటికప్పుడు సొంతంగా అల్లి పాడే ఆలాపన, నెరవు, స్వరకల్పన దగ్గర మాత్రం ఒప్పుకోను. వాటికి మనోధర్మం అని పేరే ఉంది కదా! ఇప్పుడు కల్పనస్వరాలు కూడా నోట్‌బుక్కులో రాయించుకుని బట్టీ పడుతున్నారు. నాకు బాధ కలిగేది అక్కడే.

మన ఊళ్లోనే చూడండి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారిది త్యాగరాజ శిష్యపరంపర. ఆయన దగ్గర నేర్చుకున్న బాలమురళీకృష్ణగారు 72 మేళకర్తల్లోనూ, అంటే మూలరాగాలన్నిట్లోనూ, కృతులు కట్టారు. లవంగి, మహతి లాంటి రాగాలు నాలుగేసి స్వరాలతో చేస్తే, ఐదుకు తక్కువైతే రాగం కాదని అభ్యంతరపెట్టినవాళ్లున్నారు. అయినా గురువుగారి మీద ఆయన భక్తి తగ్గలేదు. అదే గురువుగారి దగ్గర తయారైన అన్నవరపు రామస్వామిగారు వయొలిన్‌లో తన దారి తను వేసుకున్నారు.

అమ్మా, ఒక పని చేయండి. పాప పాడిందీ, మాస్టారు పాడిందీ పక్కపక్కన పెట్టి వినండి. నా శిష్యురాలొకతె మాట మధ్యలో విరిచి ఊపిరి తీసేది. ఎందుకా అని చూస్తే, మొదట నేర్పిన పెద్దాయనకు వయసు మీద పడి దమ్ము చాలక అక్కడ ఆగేవారు. ఆయాసాన్ని కూడా సంగతి అనుకుని నేర్చుకుంది పాపం! ఇక రోజూ మోహన రాగంలో, ఆదితాళంలో ఒక్క ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టుకు సరిపడా స్వరాలు, తనే కట్టుకోమనండి. రాసుకోవద్దు. తప్పులొస్తే రానివ్వండి.

బెజవాడ అమ్మ: నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని విన్నాం. చరణంలో మూడుచోట్ల మాస్టారు ఆగినచోటే ఇదీ ఆగుతోంది. "అమ్మా, ఇక్కడ నాకు ఊపిరి అక్కర్లేదు" అని ఒక్క దమ్ములో పాడేసింది. మోహన స్వరాలు రెండుసార్లు తాళం తప్పాయి, మూడోసారి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, సరిగ్గా వచ్చింది.

గుంటూరు బాబాయి: సంతోషమమ్మా. ఊపిరి సంగతి నాకు తట్టలేదు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ చరణం ముందు మాస్టారికి వినిపించండి. ఆయనకు తెలియకుండా వేదిక మీద మాత్రం వద్దు.