బడ్‌వైజర్ అమ్మకం: సెయింట్ లూయిస్ నిజంగా నష్టపోయిందా?

నదిఒడ్డు (చర్చ మొదలుపెట్టింది నేనే):

శనివారం మా ఇంట్లో భోజనాల దగ్గర మొదలైన వాదన అర్ధరాత్రి దాకా తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను. తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా: బడ్‌వైజర్ బీరు తయారుచేసే ఆన్‌హాయిజర్-బుష్, అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలోని మా సెయింట్ లూయిస్ కంపెనీ. 2008 జూన్ 11న బెల్జియం కంపెనీ ఇన్‌బెవ్ షేరుకు 65 డాలర్లిచ్చి కొంటామంది. బోర్డు కాదంది. నెల తిరిగేసరికి, జులై 13న, 70 డాలర్లకు సరే అంది. మొత్తం 52 బిలియన్ డాలర్లు. నవంబర్ 18కి అంతా పూర్తయింది. మిస్సోరి గవర్నరు వ్యతిరేకించాడు, సెనేటరు వ్యతిరేకించింది, ఊరంతా సంతకాలు పెట్టింది. ఏదీ ఆపలేకపోయింది.

ఊరు నష్టపోయిందనే నేనంటాను. ఇంటర్‌స్టేట్ 55 హైవే మీద, బ్రూవరీ (బీరు ఫ్యాక్టరీ) ఉన్న సోలార్డ్ పేట దగ్గరికి రాగానే కారు అద్దం దించండి. గంజి వార్చేటప్పటి వాసనకు వేయించిన జొన్నల వాసన కలిస్తే ఎలా ఉంటుందో అలా వస్తుంది. నేను ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజుల్లో దారి తప్పినప్పుడల్లా ఆ వాసనే దారి చూపించేది. ఈ బీరులో బార్లీతో పాటు బియ్యం కూడా వేస్తారని తెలిశాక ఇంకా దగ్గరదనిపించింది. ఆ వాసన ఇప్పటికీ ఉంది. ఎర్ర ఇటుకల గడియారం బిల్డింగు ఉంది. కంపెనీ బండి లాగే గుర్రాలున్నాయి. కానీ ఆ బిల్డింగులో కూర్చుని "ఈ ఏడాది ఇది చేద్దాం" అనే మనుషులు లేరు. ఊరు పోగొట్టుకున్నది ఆ కుర్చీలను. మీరేమంటారు?

షేర్లలెక్క:

నదిఒడ్డు గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది కానీ, అది ఊరి ఆస్తి ఎప్పుడైంది? అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న కంపెనీ. 2008 నాటికి బుష్ కుటుంబం చేతిలో ఉన్నది 4 శాతం అటూఇటూ. ఆ కుటుంబంలోనే ఒక పెద్దాయన, అప్పటి సీఈవోకి బాబాయి వరసవాడు, ఇన్‌బెవ్‌తో మాట్లాడండి అని బహిరంగంగా చెప్పాడు. ఇంట్లోవాళ్లే ఒక మాట మీద లేనప్పుడు ఊరు ఏం కాపాడుతుంది?

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. ఆ షేరు ఏళ్ల తరబడి 50 డాలర్ల చుట్టూనే తిరిగింది. 2008 సెప్టెంబర్‌లో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కూలింది, మార్కెట్ మొత్తం పడిపోయింది. అలాంటి నవంబర్‌లో ఇన్‌బెవ్ షేరుకు 70 డాలర్లు నగదు చేతిలో పెట్టింది. ముప్ఫై ఏళ్లు ఆ బ్రూవరీలో పనిచేసి, జీతంలోంచి షేర్లు కొనుక్కుంటూ వచ్చిన రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో వేలమంది. పక్కింటివాళ్ల రిటైర్మెంటు సొమ్ము సగానికి పడిపోతుంటే వీళ్లది నిలబడింది. ఆ డబ్బు కూడా సెయింట్ లూయిస్ డబ్బే కదా.

నదిఒడ్డు:

ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది. హెడ్డాఫీసు ప్రతి నెలా జీతాలిస్తుంది.

పాతకాపు:

నేను 1996 నుంచి ఇక్కడే. ఈ అమ్మకాన్ని ఒక్కదాన్నే చూస్తే మనకు అర్థం కాదు, వరసగా చూడాలి. ఇవన్నీ ఈ ఊరి కంపెనీలే: 1997లో విమానాలు తయారుచేసే మెక్‌డొనెల్ డగ్లస్ బోయింగ్‌లో కలిసిపోయింది. 2001లో టీడబ్ల్యూఏ విమానాల కంపెనీ అమెరికన్ ఎయిర్‌లైన్స్ చేతికి పోయింది, అదే ఏడాది చివర్లో పెంపుడు జంతువుల ఆహారం చేసే రాల్‌స్టన్ ప్యూరీనా నెస్లేకి పోయింది. 2005లో మే డిపార్ట్‌మెంట్ స్టోర్స్. ప్రతిసారీ ఊరు "పోనీలే, బుష్ ఉందిగా" అనుకుంది. 2008లో ఆ ఆధారం కూడా పోయింది. తర్వాత 2018లో మాన్‌శాంటోను బేయర్ కొంటే పెద్దగా ఏడ్చినవాళ్లు కూడా లేరు, అప్పటికి అలవాటైపోయింది.

ఇక జీతాల మాట. 2008 డిసెంబర్‌లో, అమ్మకం పూర్తయిన మూడు వారాలకే, 1,400 ఉద్యోగాలు తీసేస్తున్నామని ప్రకటించారు. అందులో నాలుగింట మూడొంతులు ఈ ఊరివే. అవన్నీ ఆఫీసు ఉద్యోగాలు. బీరు కాచేవాళ్లను పెద్దగా ముట్టుకోలేదు. బయటివాళ్లకు బ్రూవరీ మూయలేదు కదా అని కనిపిస్తుంది. లోపల పోయింది అకౌంట్స్, మార్కెటింగ్, ప్లానింగ్. అంటే మన పిల్లలు ఇక్కడ కాలేజీ అయిపోయాక చేరగలిగిన ఉద్యోగాలు.

సప్లయర్ల బిల్లులకు 120 రోజుల గడువు పెట్టారన్నది కూడా అప్పట్లో పేపర్లలో వచ్చింది. 120 రోజులంటే చదివేవాళ్లకు ఒక అంకె. నాకు కాదు. పేరు చెప్పను కానీ, వేరే ఒక పెద్ద సంస్థ చేతులు మారాక మా చిన్న ప్రింటింగ్ షాపుకు ఇలాంటి గడువే వచ్చింది. జనవరిలో సరుకిస్తే మేలో చెక్కు. మధ్యలో కాగితం వాడికి ఇవ్వాలి, ఆరుగురికి జీతాలివ్వాలి. రెండు వారాలకోసారి గురువారం రాత్రి మా ఆవిడా నేనూ కిచెన్ టేబుల్ మీద బ్యాంకు స్టేట్‌మెంటు పరుచుకుని, ఎవరి చెక్కు ముందు రాయాలి, ఎవరిది సోమవారం దాకా ఆపాలి అని కూర్చునేవాళ్లం. ఆ టెన్షన్ షేరు ధరలో కనపడదు. పాత పద్ధతిలో అయితే నేను ఫోన్ చేస్తే "అలాగే, శుక్రవారం పంపిస్తా" అనగలిగే మనిషి ఈ ఊళ్లోనే ఉండేవాడు. చేతులు మారాక ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలియలేదు.

చరిత్రపిచ్చి:

అందరికీ నమస్కారం. "విదేశీ" అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. అడాల్ఫస్ బుష్ జర్మనీ నుంచి వలస వచ్చినవాడు. మామగారు ఎబర్‌హార్డ్ ఆన్‌హాయిజర్ కూడా అంతే. 1876లో వాళ్లు మొదలుపెట్టిన బీరుకు పెట్టిన పేరు బొహీమియాలోని (ఇప్పటి చెక్ దేశం) బుడ్‌వైస్ ఊరిది. ఆ ఊరి బ్రూవరీతో పేరు కోసం వందేళ్లకు పైగా కోర్టుల్లో తగాదా నడిచింది. మరొకరి ఊరిపేరు మీద మన ఊరి గర్వం నిలబడింది.

పైగా ఈ కంపెనీ పెద్దదైంది ఎలా? బీరును పాశ్చరైజ్ చేసి, ఐసు పెట్టిన రైలు పెట్టెల్లో దేశమంతా పంపడం వల్ల. ఆ పెట్టెలు దిగిన ప్రతి ఊళ్లోనూ అక్కడి చిన్న బ్రూవరీకి గండం మొదలైంది. ఆ ఊళ్లవాళ్లు కూడా మనలాగే బాధపడి ఉంటారు.

నాకు కోపం తెప్పించేది దేశం కాదు, అప్పు. ఇన్‌బెవ్ ఈ కొనుగోలుకు బ్యాంకుల నుంచి 45 బిలియన్ డాలర్ల అప్పు ఏర్పాటు చేసుకుంది. ఆ అప్పు తీర్చాలంటే ఖర్చు కోయాలి, ఆస్తులు అమ్మాలి. 2009లో కంపెనీ చేతిలో ఉన్న సీవరల్డ్, బుష్ గార్డెన్స్ వినోద పార్కులను బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేశారు. ప్రతి ఏడాదీ ప్రతి ఖర్చునూ సున్నా నుంచి సమర్థించుకోవాలనే బడ్జెట్ పద్ధతి తెచ్చారు. అదే ప్యూరీనా చూడండి. కొన్న నెస్లే స్విట్జర్లాండ్ కంపెనీ, అంటే అదీ విదేశీయే. కానీ పెంపుడు జంతువుల ఆహారం వ్యాపారానికి సెయింట్ లూయిస్‌నే కేంద్రంగా ఉంచింది, దాని ఆఫీసులున్న చెకర్‌బోర్డ్ స్క్వేర్ ఇప్పటికీ కళకళలాడుతోంది. పాతకాపు గారు రెంటినీ ఒకే గాటన కట్టడం నాకు సరిగా అనిపించలేదు.

పాతకాపు:

ప్యూరీనా విషయంలో మీరన్నది నిజమే. నా కళ్ల ముందే ఉన్నా ఆ తేడా పట్టించుకోలేదు.

గోల్డ్‌స్పాట్‌రోజులు:

నేను అమెరికాలో లేను, విజయవాడలో ఉంటాను. అయినా ఈ బాధ మాకు తెలుసు అన్నా. 1977లో కోకా-కోలా మన దేశం నుంచి వెళ్లిపోయాక పార్లేవాళ్లు థమ్సప్ తెచ్చారు. 1993లో కోకా-కోలా తిరిగొచ్చి థమ్సప్, లిమ్కా, గోల్డ్ స్పాట్, మాజా, సిట్రా మొత్తం కొనేసింది. గోల్డ్ స్పాట్‌ను ఫాంటా కోసం పక్కకు తప్పించారు. చిన్నప్పుడు స్కూలు పక్క కొట్లో మూత తీయగానే ముక్కులోకి కొట్టే ఆ నారింజ ఘాటు మళ్లీ దొరకలేదు నాకు. థమ్సప్‌ను కూడా అలాగే వెనక్కి నెట్టబోయారు కానీ జనం వదల్లేదు. మా వైపు ఎండాకాలం థమ్సప్ అడిగినవాడికి ఇంకోటి ఇస్తే సీసా వెనక్కి ఇచ్చేసేవాడు. చివరికి కంపెనీయే దారికొచ్చింది. 2021లో థమ్సప్ అమ్మకాలు బిలియన్ డాలర్లు దాటాయని వాళ్లే ప్రకటించారు.

కొన్నవాడు ఏది ఉంచుతాడు, ఏది తీసేస్తాడు అన్నది తాగేవాళ్ల పట్టుదల మీద కొంత ఆధారపడి ఉంటుంది. మీ ఊళ్లో బడ్‌వైజర్ రుచి మారిందా? అది ఎవరూ చెప్పలేదు.

నదిఒడ్డు:

తమ్ముడూ, మంచి ప్రశ్న. రెసిపీలో ఇప్పటికీ బియ్యం ఉంది. ట్యాంకు అడుగున బీచ్ చెక్క పేళ్లు పరుస్తారు, ఈస్టు వాటి మీద చేరి ఇంకా ఎక్కువసేపు పనిచేస్తుంది. టూరులో ఆ పేళ్లను చేతికిచ్చి చూపిస్తారు. దాదాపు మూర పొడవు, పల్చగా, అట్ట ముక్కల్లా మెలితిరిగి ఉంటాయి. వాసన చూస్తే ఏమీ ఉండదు, సోడాలో ఉడికించి వాసన తీసేస్తారట. రుచి మారిందని ఒట్టేసి చెప్పే ముసలివాళ్లున్నారు, నేనైతే చెప్పలేను. మీరు థమ్సప్‌కు చేసినట్టు బడ్‌వైజర్ కోసం పట్టుబట్టినవాళ్లు ఇక్కడ తక్కువ. జనం చిన్న బ్రూవరీలు చేసే క్రాఫ్ట్ బీర్లకు మళ్లారు.

సోలార్డ్‌వాసి:

క్రాఫ్ట్ మాట వచ్చింది కాబట్టి నా వంతు. 1991లో మొదలైన ష్లాఫ్లీ అనే ఇక్కడి బ్రూవరీ 2008 తర్వాత "ఊరివాళ్ల చేతిలో ఉన్న పెద్ద బ్రూవరీ మాదే" అని చెప్పుకోగలిగింది. ఆన్‌హాయిజర్-బుష్‌లో పనిచేసిన ఇద్దరు బయటికొచ్చి అర్బన్ చెస్ట్‌నట్ అనే బ్రూవరీ పెట్టారు. పెద్ద చెట్టు కూలితే కింద ఎండ పడి కొత్త మొక్కలు లేస్తాయి కదా. నాకు ఈ ఊళ్లో బీరు 2008 కంటే ఇప్పుడే బాగుంది. అయితే పాతకాపు గారి మాట కొట్టిపారేయను. నాలుగు చిన్న బ్రూవరీలు కలిసినా ఒక హెడ్డాఫీసుకు సాటిరావు. పది మందికి ఉద్యోగమిచ్చే చోటికీ, వెయ్యి మందికి ఇచ్చే చోటికీ పోలికేంటి?

షేర్లలెక్క:

ఇదంతా చదివాక ఒకటి అడగాలనిపిస్తోంది. సరే, నష్టమే అనుకుందాం. అడ్డుకోవడం ఎలా? బోర్డు తమ చట్టపరమైన బాధ్యత ప్రకారం వాటాదారులకు మంచి ధర చూడాలి. 70 డాలర్లను కాదంటే కోర్టుకు ఎక్కేవాళ్లు. సంతకాలు సేకరిస్తే, కంపెనీ రిజిస్టరైన డెలావేర్ రాష్ట్ర చట్టం మారుతుందా?

నదిఒడ్డు:

మారదు. అందుకే నిన్నంతా దీని గురించే చదివాను. అడ్డుకోవాల్సింది 2008లో కాదు, అంతకు చాలా ముందు. డెన్మార్క్‌లో కార్ల్స్‌బర్గ్ చూడండి. దాని యజమాని 1876లో ఒక ఫౌండేషన్ పెట్టి తర్వాత బ్రూవరీని దానికి రాసిచ్చాడు. అది బడ్‌వైజర్ పుట్టిన ఏడాదే. ఈరోజుకీ ఓట్లలో మెజారిటీ ఆ ఫౌండేషన్‌దే, ఎవరు ఎంత డబ్బు తెచ్చినా అది ఒప్పుకోకుండా కొనలేరు. హైనెకెన్‌లో కుటుంబం చేతిలో సగానికి కొంచెం పైన పట్టు ఉంది. ఇక్కడ ఫోర్డ్ కుటుంబం కూడా ప్రత్యేక ఓటు షేర్లు (ఒక్కో షేరుకు మామూలు కంటే ఎక్కువ ఓట్లుండేవి) దగ్గర పెట్టుకుంది. బుష్ కుటుంబం అలాంటి కట్టడి ఏదీ పెట్టుకోలేదు. పైగా డైరెక్టర్లను విడతలవారీగా ఎన్నుకునే పాత పద్ధతిని 2006లో వదిలేసుకున్నారు. అందుకే బోర్డు మొత్తాన్నీ ఒకేసారి తీసేయొచ్చని ఇన్‌బెవ్ డెలావేర్ కోర్టుకు వెళ్లగలిగింది. 1953లో కార్డినల్స్ బేస్‌బాల్ టీమును కొని ఊళ్లోనే ఉంచిన కుటుంబం, తమ కంపెనీని ఊళ్లో ఉంచడానికి కాగితం మీద ఏమీ రాసుకోలేదు. నా కోపం ఇప్పుడు బెల్జియం మీద సగమైనా లేదు.

పాతకాపు:

ఇంకా కుటుంబం చేతిలోనే ఉన్న కంపెనీలు ఈ ఊళ్లో కొన్నున్నాయి. మా ప్రింటింగ్ షాపుకు ఇప్పటికీ పని ఇచ్చేది వాళ్లే, బిల్లు నెల తిరక్కుండా కడతారు. వచ్చే నెల వాళ్లలో ఒకాయన దగ్గరికి క్యాలెండర్ల ఆర్డరు కోసం వెళ్లాలి. ఈ ఓటు షేర్ల సంగతి, ఫౌండేషన్ సంగతి ఒక పేజీలో రాసి నాకు పంపుతారా నదిఒడ్డు గారూ? ప్రింట్ తీసి ఆయన చేతికిస్తాను.