ఒకే ప్రయోగం, రెండు వ్యాఖ్యానాలు: రీటా లెవీ-మోంటాల్చీని కొత్తగా కనుగొన్నది ఏమిటి?

ప్రశ్న:

నాడీవ్యవస్థ వికాసం గురించిన పాఠాల్లో ఇటలీ శాస్త్రవేత్త రీటా లెవీ-మోంటాల్చీని పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్ (నాడీకణాలు బతికి పెరగడానికి కావలసిన ప్రోటీను) దగ్గర తప్పక వస్తుంది. అయితే కోడిపిండంలో రెక్కగా ఎదగవలసిన మొగ్గను తొలగిస్తే, దానికి నరాలు పంపవలసిన నాడీకణాలు తగ్గిపోతాయని విక్టర్ హాంబర్గర్ 1934లోనే చూపించారు. యుద్ధకాలంలో టూరిన్‌లో ఆమె తన పడకగదిలో చేసినదీ అదే ప్రయోగం, వచ్చినదీ దాదాపు అదే ఫలితం. అలాంటప్పుడు ఆమె కొత్తగా చెప్పినది ఏమిటి? 1986లో నోబెల్ బహుమతిని ఆమెకూ స్టాన్లీ కోహెన్‌కూ ఇచ్చి హాంబర్గర్‌ను వదిలివేయడం సబబేనా? ఆమె జీవితకథ చాలాచోట్ల చదివాను. శాస్త్రపరంగా తేడా ఎక్కడుందో తెలిసినవారు వివరించగలరని మనవి.

మొదటి సమాధానం:

కణాలు తగ్గాయన్న విషయంలో ఇద్దరికీ భేదం లేదు. ఎందుకు తగ్గాయన్న దగ్గరే దారులు వేరయ్యాయి. రెక్క నుంచి వచ్చే ఏదో సంకేతం ఇంకా రూపుదిద్దుకోని కణాలను నాడీకణాలుగా మారుస్తుందనీ, రెక్క లేనప్పుడు ఆ సంకేతం అందక నాడీకణాలు తయారే కావనీ హాంబర్గర్ భావించారు. ఒక కణజాలం పక్కదాని రూపాన్ని నిర్ణయించే ‘ప్రేరణ’ను పరిశోధించిన హాన్స్ స్పీమన్‌కు ఆయన శిష్యుడు కనుక ఆ కోణంలో ఆలోచించడం సహజమే.

ఇటలీలో యూదులపై తెచ్చిన 1938 నాటి జాతి చట్టాల వల్ల విశ్వవిద్యాలయానికి దూరమైన లెవీ-మోంటాల్చీని, అదే కారణంగా పదవి పోయిన తన గురువు జుసెప్పె లెవీతో కలిసి, శస్త్రచికిత్స చేసిన పిండాలను వరుసగా వేర్వేరు దశల్లో పరిశీలించారు. మామూలు కుట్టుసూదులను నూరి పదును పెట్టుకుని మొగ్గను తొలగించడం, తరువాత పిండాన్ని పలుచని పొరలుగా కోసి, వెండి లవణాలతో రంగు పట్టించి, సూక్ష్మదర్శిని కింద నాడీకణాలను లెక్కపెట్టడం ఆ పని. అలా చూసినప్పుడు, కణాలు పుట్టి, విభేదనం చెంది (నాడీకణాలుగా రూపుదిద్దుకుని), తంత్రికాక్షాలను (పొడవైన నరపు పోగులను) బయటికి పంపిన తరువాతే, చేరవలసిన కణజాలం లేక నశిస్తున్నాయని తేలింది. ఒక్క దశలోనే చూసినవారికి పుట్టని కణమూ, పుట్టి చచ్చిన కణమూ ఒకేలా ఖాళీగానే కనిపిస్తాయి. ఇటలీ పత్రికల్లో యూదులకు చోటు లేకపోవడంతో ఆ ఫలితాలు 1942లో బెల్జియం పత్రికలో వచ్చాయి. హాంబర్గర్ ఆహ్వానంపై ఆమె 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు వెళ్లారు. శస్త్రచికిత్స ఏదీ చేయని పిండంలో కూడా కొన్ని నాడీసంధుల్లో (నాడీకణాల గుంపుల్లో) కణాలు సహజంగానే చనిపోతాయని 1949లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. నా దృష్టిలో వారి ఉమ్మడి కృషిలో అన్నిటికన్నా లోతైనది అదే.

రెండవ సమాధానం:

పై వివరణతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి: కణాలు చనిపోతున్నాయని చెప్పినంతలో వాటిని బతికించే పదార్థం చేతికి రాదు. ఎలుక కణితిని కోడిపిండంలో నాటితే అందులోకి నరాలు చొచ్చుకుపోతాయని ఎల్మర్ బ్యూకర్ 1948లో ప్రకటించారు. లెవీ-మోంటాల్చీని ఆ కణితిని పిండానికి నేరుగా తగలకుండా, రక్తప్రసరణ మాత్రమే కలిసేటట్లు గుడ్డులోని బయటి పొరపై ఉంచారు. అయినా సింపథెటిక్ (గుండె, రక్తనాళాల వంటి అవయవాలను మన ప్రమేయం లేకుండా నడిపే) నాడీసంధులు విపరీతంగా పెరిగాయి. అంటే కణితి నుంచి ఏదో పదార్థం స్రవిస్తున్నదన్నమాట. 1952లో ఆమె కణితి ఉన్న ఎలుకలను వెంటబెట్టుకుని రియో డి జనీరోకు వెళ్లి, హెర్తా మేయర్ ప్రయోగశాలలో నాడీసంధినీ కణితి ముక్కనూ పక్కపక్కన పెంచారు. నాడీసంధి చుట్టూ నరాల పోగులు సూర్యబింబం చుట్టూ కిరణాల్లా దట్టంగా మొలిచాయి. పిండాల్లో ఎన్నో రోజులు పట్టే పరీక్ష దాదాపు ఒక్కరోజులోకి కుదించుకుపోయింది. అది లేకపోతే జీవరసాయనవేత్త అయిన కోహెన్ ఆ పదార్థాన్ని వేరుచేయగలిగేవారని నేను అనుకోను.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలు. పాము విషం ప్రస్తావన కూడా ఇక్కడే వస్తుంది కదా, అది కేవలం అదృష్టమేనా?

మూడవ సమాధానం:

మొదటి మెట్టు అదృష్టమే. కణితి సారంలో న్యూక్లియిక్ ఆమ్లాలకు (డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు) ఏమైనా పాత్ర ఉందేమో చూడడానికి, వాటిని విచ్ఛిన్నం చేసే ఎంజైము కోసం కోహెన్ పాము విషం కలిపారు. పోగులు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగాయి. విషంలోనే ఆ కారకం (నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్) కణితిలోకన్నా ఎంతో ఎక్కువగా ఉంది. విషగ్రంథి లాలాజల గ్రంథికి సమానమైనది కనుక మగ ఎలుకల లాలాజల గ్రంథిలో వెతకడం మాత్రం ఆలోచించి వేసిన అడుగు. అక్కడ దొరికిన ప్రోటీనుకు విరుగుడుగా తయారుచేసిన యాంటీసీరాన్ని (దానిని పనిచేయనీయని ప్రతిరక్షకాలున్న ద్రవాన్ని) అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఎక్కిస్తే వాటి సింపథెటిక్ నాడీసంధులు దాదాపు పూర్తిగా నశించాయి. ఆ కారకం ఆరోగ్యవంతమైన జంతువుకు కూడా అవసరమని నిరూపించినది ఈ ప్రయోగమే.

నోబెల్ విషయానికొస్తే, ముగ్గురికి పంచే వీలున్నా 1986లో ఆ మూడో స్థానం ఖాళీగానే మిగిలింది. బహుమతి ఇచ్చినది వృద్ధి కారకాల (గ్రోత్ ఫ్యాక్టర్ల) ఆవిష్కరణకు; హాంబర్గర్ 1954 నాటి పత్రంలో సహరచయితే అయినా, తరువాతి రసాయన పరిశోధనలో పాల్గొనక పిండాల కదలికల అధ్యయనానికి మళ్లారు. ఆ శీర్షిక కింద ఇద్దరి ఎంపికను సమర్థించవచ్చు. వికాసంలో సహజంగా జరిగే నాడీకణ మరణమనే అంశానికి బహుమతి ఇచ్చి ఉంటే మాత్రం హాంబర్గర్ పేరు లేకుండా జాబితా రాయడం ఎవరి తరమూ అయ్యేది కాదు.