పెలె, పెలే, పీలే: ఒకే పేరా, మూడు పేర్లా?

ప్రశ్న:
పిల్లల కోసం అగ్నిపర్వతాల మీద ఒక వ్యాసం రాస్తున్నాను. "పేలే" అనే మాట పదేపదే తగులుతోంది: హవాయి అగ్నిదేవత పేలే, పేలే వెంట్రుకలు, పేలే తరహా విస్ఫోటనం. దీనికీ మన "పేలు" క్రియకీ ఏమైనా చుట్టరికం ఉందా? "పేలే కొండ" అంటే తెలుగులో అర్థం కూడా కుదిరిపోతోంది! ఫుట్‌బాల్ ఆటగాడికి ఆ దేవత పేరే పెట్టారా?

జవాబు:
చుట్టరికం లేదండీ. మన "పేలు"కి పాత రూపం "ప్రేలు". ప్రేలుడు పదార్థాలు అని ఇప్పటికీ కొందరు రాస్తారు. అంటే వెనక్కి వెళ్ళేకొద్దీ రెండు మాటలూ దగ్గరవడం లేదు, దూరమవుతున్నాయి. అటువైపు చూస్తే, హవాయి "ల" ఉన్నచోట తాహితీ, మావోరీ భాషల్లో "ర" వస్తుంది. హవాయివాళ్ళ అలోహా మావోరీలో అరోహా. అలాగే ఈ దేవత తాహితీలో పెరె. హవాయి భాషలో పెలె అనేది దేవత పేరే కాదు, లావా ప్రవాహం, అగ్నిపర్వతం అనే అర్థాలు కూడా ఉన్నాయి.

అసలు మొదటి అచ్చు దీర్ఘమే కాదు. హవాయి ఉచ్చారణలో రెండూ హ్రస్వాలే. హిందీ లిపిలో ఈ తేడా చూపించడం కష్టం, మనకి ఎ, ఏ విడివిడిగా ఉన్నాయి. ఉన్న అక్షరాన్ని వాడుకోకపోవడం ఎందుకు? "పెలె" అని రాయండి. "పేలే వెంట్రుకలు" అంటే మీ పిల్లలకి ముందు తలలో పేలు గుర్తొస్తాయి, లావా కాదు.

ఇంకొకరు:
వ్యాసంలో ఇంకో చిక్కుంది, జాగ్రత్త. పెలె వెంట్రుకలు దేవతవే. పలచటి బసాల్టు లావా గాలిలోకి ఎగిరినప్పుడు సాగి, సన్నటి గాజు పోగులుగా గట్టిపడుతుంది. చుక్కలుగా గడ్డకడితే వాటిని పెలె కన్నీళ్ళు అంటారు. కానీ "పెలే తరహా విస్ఫోటనం"కి హవాయితో సంబంధమే లేదు. అది కరీబియన్‌లోని మార్టినిక్ దీవిలో ఉన్న మాంట్ పెలే నుంచి వచ్చింది. ఫ్రెంచిలో ఆ మాటకి అర్థం బోడి అని. మన బోడికొండ లాంటి పేరే. 1902 మే 8న అది బద్దలై సెయింట్ పియెర్ పట్టణాన్ని తుడిచిపెట్టింది, సుమారు 28,000 మంది చనిపోయారు.

రెండు అగ్నిపర్వతాల తీరూ వేరు. హవాయిలో లావా పలచగా పారుతుంది. మార్టినిక్‌లో అది చిక్కగా ఉండి నోటి దగ్గరే గుమ్మటంలా పేరుకుంటుంది. అది కూలితే కాలే వాయువులూ బూడిదా వాలు వెంట దూసుకొస్తాయి. రెంటికీ ఒకే పేరు రాస్తే, పిల్లలు పెలె వెంట్రుకల్ని మార్టినిక్‌లో వెతుకుతారు.

ప్రశ్న అడిగినవారు:
ఇది నిజంగా తెలియదు. మరి ఫుట్‌బాల్ ఆయన?

జవాబు:
ఆయన అసలు పేరు ఎడ్సన్, థామస్ ఎడిసన్ మీది అభిమానంతో పెట్టింది. పీలే అనేది ముద్దుపేరు కూడా కాదు, మొదట్లో ఎగతాళి. చిన్నప్పుడు బిలే అనే గోల్‌కీపర్ పేరు సరిగ్గా పలకలేక అలా అన్నానని, తోటి పిల్లలు దాన్నే తనకి తగిలించారని ఆయనే చెప్పుకున్నారు. అర్థం లేని ఆ మాటకి తర్వాత వచ్చిన విలువ చూడండి: 1970 ప్రపంచ కప్‌లో మ్యాచ్ మొదలయ్యే ముందు ఆయన బూటు లేసు కట్టుకోవడం కూడా పూమా కంపెనీకి ప్రకటన అయింది. ఆయన పోయాక, 2023లో, బ్రెజిల్‌లోని మికాయెలిస్ నిఘంటువు "పెలే"ని విశేషణంగా చేర్చింది. సాటిలేనిది అని అర్థం. నన్నడిగితే వ్యాపారం కంటే ఇదే పెద్ద సంగతి.

పోర్చుగీసు ఉచ్చారణ ప్రకారం "పెలే" దగ్గర. కానీ మన పత్రికలు "పీలే"ని ఎప్పుడో స్థిరం చేశాయి. ఉచ్చారణ తప్పే అయినా నేను దాన్ని మార్చను. ఆటగాణ్ణి మిగతా ఇద్దరి నుంచి వేరు చేస్తోంది కదా.

ఇంకొకరు:
సంగీతంలోనూ ఉంది. టోరీ ఏమోస్ 1996 ఆల్బమ్ "బాయ్స్ ఫర్ పెలె". పేరు చూసి ఫుట్‌బాల్ పాటలనుకునేవాళ్ళుంటారు, అది హవాయి దేవత పేరే. కాబట్టి అక్కడా హ్రస్వమే.

జవాబు:
అయితే మీ వ్యాసానికి ఇలా సరిపోతుంది: దేవతకీ ఆమె వెంట్రుకలకీ పెలె, మార్టినిక్ కొండకి పెలే, ఆటగాడికి పీలే. మొదటిసారి వచ్చినచోట "హవాయి దేవత", "మార్టినిక్ కొండ" అని ఒక్క మాట చేర్చండి, చిన్న గుర్తుల మీదే భారం వేయొద్దు.

ప్రశ్న అడిగినవారు:
గురుగ్రహం ఉపగ్రహం అయో మీద కూడా ఈ పేరుతో ఒకటుంది, దాన్ని ఏమని రాయాలి?

జవాబు:
1979లో వోయేజర్-1 ఫొటోల్లో బయటపడిన అగ్నిపర్వతం అది. పేరు దేవతదే. పెలె అనే రాయండి.