ఫిన్నిష్ డ్రాగన్‌లో చేప ఉందా, లేదా?

హెల్సింకి తెలుగమ్మాయి: ఫిన్నిష్‌లో డ్రాగన్‌ని లోహిక్యార్మె అంటారు. లోహి అంటే సాల్మన్ చేప, క్యార్మె అంటే పాము. నిప్పులు కక్కే జంతువు పేరులోకి చేప ఎలా వచ్చింది? ఒంటి నిండా పొలుసులు ఉంటాయి కాబట్టేనని మా భాషా క్లాసులో చాలామంది అంటున్నారు. నాకూ అదే సబబనిపిస్తోంది.

ధ్వనులవేట: పొలుసులు పాముకీ ఉంటాయమ్మా, వాటికోసం చేపను తెచ్చుకోనక్కర్లేదు. పాత స్వీడిష్‌లో ఎగిరే డ్రాగన్‌ని ఫ్లోగ్‌డ్రాకి అనేవారు. ఫ్లోగ్ అంటే ఎగరడం. ఫిన్లాండ్ 1809 దాకా, అంటే కొన్ని శతాబ్దాలు, స్వీడన్ ఏలుబడిలోనే ఉంది. అక్కడి మాటలు కుప్పలుగా వచ్చి చేరాయి. పాత ఫిన్నిష్ మాటేదీ రెండు హల్లుల కలయికతో మొదలవదు. అందుకే స్టాక్‌హోమ్ తుఖోల్మా అయింది. అమ్మాయి అనే అర్థమున్న ఫ్లిక్కా, వాడుకలో లిక్కా అయింది. ఇదే దారిలో ఫ్లోగ్‌లో ముందున్న ఫ జారిపోయి లోహి మిగిలింది. రెండో సగాన్ని మాత్రం పాము అని తమ మాటలోకి మార్చుకున్నారు. మన రైలుబండిలో కూడా సగం అరువు, సగం సొంతం కదా!

కలేవలప్రియ: అన్నా, లోఉహి సంగతి మరిచారు. లోఉహిక్కో అంటే బండరాళ్లు పరుచుకున్న చోటు. డ్రాగన్లు ఉండేది కొండ గుహల్లోనే. పైగా ఫిన్లాండ్ జాతీయ కావ్యమైన కలేవలలో ఉత్తరదేశపు మంత్రగత్తె పేరూ లోఉహి. ఇంత దగ్గర పోలిక ఉండగా స్వీడన్ దాకా ఎందుకు వెళ్లాలి?

ధ్వనులవేట: పోలిక ఒక్కటే చాలదు తమ్ముడూ. మీ వాదంలో లోఉ ఎందుకు లో అయిందో చెప్పాలి, రాయికీ పాముకీ ఈ జత ఎలా కుదిరిందో కూడా చెప్పాలి. స్వీడిష్ మాటలో అర్థం అదే, రెండు ముక్కల అమరికా అదే, ధ్వని మార్పుకి వేరే ఉదాహరణలూ ఉన్నాయి. మూడూ ఒకేచోట కలవడం యాదృచ్ఛికం అంటే నేను నమ్మను.

హెల్సింకి తెలుగమ్మాయి: అయితే చేప అసలు లేనేలేదా?

ధ్వనులవేట: పుట్టుకలో లేదమ్మా. ఫ్లోగ్ అర్థం తెలియనివాళ్ల చెవికి ఆ ముక్క తమకు తెలిసిన లోహిలా వినిపించి ఉంటుంది. మాట ఈ రూపంలో నిలబడటానికి ఆ చేప సాయపడిందనే నా అభిప్రాయం. మీ క్లాసువాళ్ల ఊహకి అంతమటుకు ఆధారం ఉంది.